నూటా అరవై నాలుగు సాళ్లు

"లెక్క తప్పదు, మనిషే తప్పుతాడు" అని ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు చెబుతూ వచ్చాను. లెక్కల మాస్టర్లం ప్రతి ఒక్కరం ఇలాంటి ముక్క ఒకటి పట్టుకుని రిటైరయ్యేదాకా నములుతుంటాం. ఇప్పుడు ఆ మాట నోటిదాకా వస్తే మింగేసి సుద్దముక్క అందుకుంటాను.

మా బడి కదిరి నుంచి తనకల్లు పోయే రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపల ఉంటుంది. ఎనిమిది గదులు, ఒక బోరు, బోరులో నీళ్ళు ఉన్నప్పుడు కరెంటు ఉండదు. వ్యాయామం సారు బదిలీ మీద వెళ్ళిపోయి మూడేళ్ళయింది, ఆ పోస్టు ఇంకా ఖాళీయే. ఆయన ఎక్కడో అడిగి తెప్పించిన రెండు వెదురు విల్లులు స్టోరు గదిలో మిగిలిపోయాయి. ఒకదాన్ని తొమ్మిదో తరగతి వెధవలు చింతకాయలు రాల్చబోయి విరగ్గొట్టారు. రెండోది ఎనిమిదో తరగతి చదివే ఒక ఆడపిల్ల చేతికి వచ్చింది.

ఆ పిల్ల తల్లి కూలికి పోతుంది. నాయన బెంగళూరులో కట్టడాల పనిలో ఉంటాడు, పండక్కో చావుకో వస్తాడు. పిల్ల ఆరేడేళ్ళప్పటి నుంచి జొన్న చేలకు పిట్టల కాపలా పోయేది. తాడు మధ్యలో రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరే వడిసెల ఆమె ఆటవస్తువు. చేను ఆ చివర వాలిన గువ్వలను ఈ చివర నుంచి లేపేది. అలాంటి చేతికి విల్లు దొరికితే ఏమవుతుంది? వారం తిరక్కుండానే, వేరుశెనగ పొట్టు, మా మాటలో చెనిక్కాయ పొట్టు, నింపిన గోనె సంచుల దిమ్మెకు ఎక్కడ చెబితే అక్కడ బాణం దించుతోంది.

ఒకరోజు పిలిచి అడిగాను. "ఎట్ల కొడతాండావు పాపా? గురి ఎట్ల చూస్తావు?"

"దూరముంటే ఎక్కువ ఎత్తాల సార్. దగ్గరుంటే తక్కువ."

"ఎంత ఎక్కువ?"

"అది చేతికి తెలుస్తాది సార్."

ఈ జవాబు నాకు ఒళ్ళు మండించింది. నిజం చెబుతున్నాను, ఆ పిల్ల బాణం తగలడం చూసి సంతోషపడవలసిన మనిషిని, చేతికి తెలుస్తుంది అన్నందుకు చిన్నబుచ్చుకున్నాను. చేతికి తెలిసేట్టయితే ఇక నేనెందుకు, నా బోర్డెందుకు?

ఆ సంవత్సరమే క్రీడా హాస్టలుకు విలువిద్యలో పిల్లలను ఎంపిక చేస్తారని కాగితం వచ్చింది. చేరితే తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్ళవే. పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళకే అవకాశం. ఆ పిల్లకు పదమూడు నిండి ఎనిమిది నెలలు. మరుసటి ఏడు ఎంత బాగా కొట్టినా లాభం లేదు. ఈ సంగతి తెలిసి తల్లి కూలి మానుకుని బడికి వచ్చింది. గేటు దగ్గరే చెప్పులు విడిచి, కాలే బండల మీద నిలబడి మాట్లాడింది.

"సార్, దానికి ఆ సీటొస్తే చదువుకుంటాది. రాలేదనుకో, ఉగాదికి మేమంతా బెంగళూరుకు పోతాము. ఆడ దాని నాయన మేస్త్రీతో మాట్లాడి పెట్టినాడు. ఇసుక జల్లించేకి ఆడపిల్లోల్లను పెట్టుకుంటారంట."

"నేను చూసుకుంటానమ్మా, నువ్వు దిగులు పెట్టుకోవద్దు" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

చూసుకోవడం అంటే నా దృష్టిలో కోణం కట్టడం. విల్లు వదిలిన క్షణం నుంచే బాణం కిందికి పడడం మొదలవుతుంది. అందుకే దాన్ని ముందుగానే కొంచెం పైకి ఎత్తి వదలాలి. ఎంత ఎత్తాలన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: బాణం వేగం, గురి ఉన్న దూరం. ఈ రెండూ తెలిస్తే కోణం కాగితం మీద వచ్చేస్తుంది. పోటీలో దూరం యాభై మీటర్లు. వేగం కోసం ఫోనులో వీడియో తీసి, తాడు వదిలినప్పటి నుంచి బాణం దిమ్మెకు తగిలేదాకా ఎంత సేపు పట్టిందో చూస్తే చాలు. ఇంతకంటే సులువైన లెక్క ఉండదనుకున్నాను.

బడి ఆటస్థలం ముప్పై మీటర్లకే గోడ తగులుతుంది. పక్కన ఒక రైతు చెనిక్కాయ చేను ఉంది. ఆ ఏడు పూత మీద వాన ముఖం చాటేసింది. పీకితే కూలి ఖర్చు కూడా రాదని కట్టెగా ఎండిపోయిన మొక్కలను గొర్రెలకు వదిలేశాడు. "కొట్టుకోండి సార్, ఆడ పాడయ్యేది ఇంకేముండాది" అన్నాడు. దిమ్మెను చేలో పెట్టించాను. ఇక యాభై మీటర్లు కొలవాలి.

బడికి ఒక టేపు ఉంది. హెడ్మాస్టరు బీరువాలో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా. అడిగాను.

"అది స్టాకులో ఎక్కిన వస్తువు సార్. ఇన్‌స్పెక్షన్‌కు కొత్తది కొత్తట్లే చూపీయాల. చేలో దుమ్ము పడితే నేనేం చెప్పుకోవాల?" అన్నాడాయన.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, అదే. కొలవడానికి కొన్న టేపును కొలవకుండా కాపాడడమే ఉద్యోగమైన మనిషిని చూసి నాకు రోత పుట్టింది. మనసులో నాలుగు తిట్లు తిట్టుకుని, నీ టేపు నాకెందుకులే అనుకుని వచ్చేశాను. నేను రైతు బిడ్డను. మాకు నేల కొలవడానికి టేపు కావాలా?

మా వైపు చేలో దూరం చెప్పాలంటే సాళ్లతో చెబుతారు. పాము యాడ కనపడిందిరా అంటే, గట్టు నుంచి ముప్పై సాళ్ల లోపల అంటారు. ఎద్దులు లాగే గొర్రుకు పళ్ళు సమానమైన ఎడంలో ఉంటాయి కాబట్టి విత్తనం సాళ్లు కూడా సమానంగా పడతాయి. మా సొంతూళ్ళో మా నాయన గొర్రుకు సాలుకూ సాలుకూ మధ్య సరిగ్గా అడుగు. చిన్నప్పుడు దాని వెనక ఎంత నడిచానో నాకు తెలుసు. అడుక్కొక సాలు, యాభై మీటర్లకు నూటా అరవై నాలుగు అడుగులు. ఎండిన కట్టె వరుసలు చేలో ఇంకా గీతలు గీసినట్టు నిలబడే ఉన్నాయి. దిమ్మె దగ్గర నుంచి సాళ్లకు అడ్డంగా నడుచుకుంటూ, పిల్లతో గట్టిగా లెక్కపెట్టించుకుంటూ, నూటా అరవై నాలుగో సాలు మీద సున్నంతో గీత గీశాను. గొప్ప పని చేసినట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను కూడా.

వీడియో తీశాను. వేగం సెకనుకు నలభై నాలుగు మీటర్లు వచ్చింది. కోణం ఏడుంబావు డిగ్రీలు వచ్చింది. కోణమానినికి దారం కట్టి, దారానికి ఒక నట్టు వేలాడదీసి, బాణానికి ఆనించి చూసి ఏడుంబావు దగ్గర పట్టించాను. "వదులు" అన్నాను.

బాణాలు నడిమికి రెండడుగులు కింద పడ్డాయి. ఒకటి కాదు, పదికి పది.

ఇక్కడ బుద్ధి ఉన్నవాడు ఎవడైనా ఆగేవాడు. పది బాణాలు ఒకే మాట చెబుతుంటే, నా కొలతలో ఎక్కడో తేడా ఉందేమో అని వంగి చూసేవాడు. నేను చూడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గాలి మీదికి తోశాను. పుస్తకంలో లెక్క గాలి అడ్డు లేదనుకుని చేస్తారు, ఇక్కడ గాలి ఉంది కదా, ఆ గాలి బాణాన్ని ఆపుతోంది, అంతే. ముప్పావు డిగ్రీ కలిపి ఎనిమిది చేశాను. బాణాలు నడిమికి తగిలాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. తప్పును తప్పుతో అతికించి, దాని పేరు సవరణ అని కాగితం మీద రాశాను.

పోటీలో కోణమానిని పెట్టనివ్వరు కాబట్టి కంటికి గుర్తు చెప్పాను. బాణం మొన దిమ్మె మీద అంటించిన రంగు వలయాల కింది అంచును తాకినట్టు కనబడితే ఎనిమిది డిగ్రీలు. అంతకంటే పైకి వద్దు, కిందికి వద్దు. రెండు నెలలు అదే పని. ఆ పిల్ల అప్పుడప్పుడు పాత అలవాటున చేతిని బట్టి ఎత్తేది. అప్పుడు నా చేతిలోని ముప్పై సెంటీమీటర్ల స్కేలుతో వేళ్ళ మీద ఒకటి వేసేవాడిని. "మళ్ళా చేతిని నమ్మినావా? లెక్కను నమ్ము" అనేవాడిని. పిల్ల వేళ్ళు విదిలించుకుని సరేసార్ అనేది.

హెడ్మాస్టరు ఒకరోజు వచ్చి, నన్నూ పిల్లనూ కోణమానినినీ ఫోటో తీసి, 'గణితంతో విలువిద్య' అని మండలం టీచర్ల గ్రూపులో పెట్టాడు. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. టేపు ఇవ్వని మనిషి ఫోటోలో నా భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. నేనూ నవ్వుతున్నాను. ఆ ఫోటో ఇంకా నా ఫోనులో ఉంది, చూసినప్పుడల్లా ఎవరి మీద ఎక్కువ ఉమ్మాలో తేలదు.

పోటీ జరిగిన ఊరి పేరు ఎందుకులే. తెల్లారి ఏడుకు రమ్మన్నారు, పదకొండుకు మొదలుపెట్టారు. ఆ నాలుగు గంటలూ షామియానా కింద పెద్దమనుషులకు శాలువాలు, పూలగుత్తులు, క్రీడల గొప్పదనం మీద పొట్టలు ఊగేట్టు ఉపన్యాసాలు. పిల్లలు ఎండలో వరసల్లో నిలబడి వినాలి. మైకులో మాట్లాడిన ఒకాయన మధ్యలో పక్కకు తిరిగి గుట్కా ఉమ్మి, మళ్ళీ క్రమశిక్షణ గురించి అందుకున్నాడు. ఆ ఉమ్మి పడిన చోటికి రెండు గజాల అవతలే పిల్లల విల్లులు నేల మీద పెట్టి ఉన్నాయి. మా పిల్ల తన విల్లును తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మైదానంలో గీతలు టేపు పట్టి గీశారు. యాభై మీటర్లంటే నిజంగా యాభై మీటర్లు. కొట్టే గీత దగ్గర నిలబడినప్పుడు నాకు దిమ్మెలు కొంచెం దూరంగా అనిపించాయి. కొత్త చోటు, అలాగే ఉంటుందిలే అనుకున్నాను.

మొదట అలవాటు కోసం మూడు బాణాలు ఇచ్చారు. మూడూ వలయాల కింద, దిమ్మెను నిలబెట్టిన కర్రకాళ్ళ మధ్య నేలలో గుచ్చుకున్నాయి. పిల్ల వెనక్కి తిరిగి తాడు అవతల ఉన్న నన్ను చూసింది. భయపడిందని అనుకున్నాను. ఏమీ కాదన్నట్టు తల ఊపాను.

అసలు పోటీ మొదలైంది. ఆరు బాణాలు ఒక విడత, అలాంటివి ఆరు విడతలు. మొదటి విడతలో ఆరుకు ఆరు కిందే పోయాయి. ఇప్పుడూ తిరిగి చూసింది. ఈసారి విల్లు పట్టిన చేతిని ఒకింత పైకి కదిపి, ఎత్తనా అన్నట్టు కళ్ళతో అడిగింది. స్పష్టంగా అడిగింది, నేను స్పష్టంగా చూశాను. అరచెయ్యి కిందికి పెట్టి, వద్దు వద్దు అని రెండుసార్లు ఊపాను. తాడు అవతల నుంచే అరిచాను కూడా. "ఎనిమిది! మర్చిపోవద్దు, ఎనిమిది!"

మొనను వలయాల నడిమి పసుపు దాకా ఎత్తి ఉంటే సరిపోయేది. అంతే. పిల్ల తల ఊపి గీత వైపు తిరిగింది. మిగిలిన ముప్పై బాణాలూ నేను చెప్పినట్టే, వలయాల కింది అంచుకే మొన పెట్టి, ఒక్క వెంట్రుక తేడా లేకుండా వదిలింది. ముప్పై బాణాలూ ఒకే ఎత్తున పోయి, గడ్డి దిమ్మె అడుగంచునా దాని కింద నేలలోనూ దిగబడ్డాయి. సున్నా. పక్కన బాణాలు ఏరే మనిషి నవ్వుతూ, "ఏమప్పా, ఈ పాప నేలకే గురి పెడతాండాది" అన్నాడు.

బస్సులో పిల్ల బాణాల మొనలకు అంటిన మట్టి తుడుస్తూ కూర్చుంది. నేనే మాట్లాడాను. "భయపడినావు పాపా. చెయ్యి వణికినాది. వదిలేటప్పుడు కిందికి గుంజినావు" అన్నాను. ఊ అంది. వాళ్ళ ఊళ్ళో దిగి తల్లికీ అదే చెప్పాను. నా ఎదుటే తల్లి పిల్ల వీపున ఒకటి చరిచింది. నేను అడ్డం పోలేదు. పోనీలే, బాధలో ఉంది అనుకున్నాను. బడికి ఇచ్చిన నివేదికలో 'విద్యార్థిని ఆందోళనకు లోనైనందున' అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

పదిహేను రోజులకు ఇన్‌స్పెక్షన్ వచ్చి పోయింది. టేపు చూపించడం అయిపోయింది కాబట్టి హెడ్మాస్టరు మెత్తబడ్డాడు. ఎందుకో మనసు ఊరుకోక, టేపు తీసుకుని ఒక్కణ్ణే చేలోకి పోయాను. దిమ్మె ఇంకా అక్కడే ఉంది, సున్నం గీత కొంచెం చెదిరింది. ఒక కొస రాయి కింద పెట్టి లాగాను.

నలభై అయిదు మీటర్ల పది సెంటీమీటర్లు.

మళ్ళీ లాగాను. అంతే. టేపు పట్టుకుని నిలబడే లెక్క వెనక్కి తిప్పాను: నలభై అయిదును యాభై అనుకున్నందుకు వేగం ఎక్కువ వచ్చింది, అందుకే ఏడుంబావుకు బాణాలు కింద పడ్డాయి, ఎనిమిది సరిపోయింది నలభై అయిదుకే. ఆ దారిన గొర్రెలు తోలుకుపోతున్న రైతు ఏమైంది సార్ అంటూ వచ్చాడు. సాలుకూ సాలుకూ ఎడం ఎంతని అడిగాను.

"మాది సన్న గొర్రు సార్. జానెడు మింద మూడు వేళ్ళు. చేసిన వడ్రంగాయన చెయ్యి గూడా చిన్నదిలే" అని నవ్వాడు. "అడుగు గొర్రు మీ పక్క ఉండాది. ఈ పక్క ఎవురికీ లేదు."

అడిగి ఉంటే ఆ మాట రెండు నెలల ముందే చెప్పేవాడు. ఆ సంగతి కూడా వదిలేద్దాం. రెండు నెలలూ నా చేతిలో స్కేలు ఉంది. ఒక్కసారి వంగి రెండు సాళ్ల మధ్య పెట్టి ఉంటే, ఇరవై ఏడున్నర సెంటీమీటర్లు అని అదే చెప్పేది. ఆ స్కేలుతో నేను పిల్ల వేళ్ళ మీద కొట్టాను. హెడ్మాస్టరు మీద, గుట్కా నమిలినవాడి మీద అప్పటిదాకా నాకున్న అసహ్యమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి నా మీదికే వచ్చింది. వాళ్ళు తమ నీచం తాము చేశారు, నాలా పిల్ల కళ్ళలోకి చూసి వద్దు అనలేదు.

ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికి పోయాను. ఇంటి ముందు మూటలు కట్టి ఉన్నాయి. ఆదివారం బెంగళూరు బండి ఎక్కుతారట. తల్లి చాప వేసి, ఉడకబెట్టిన చెనిక్కాయలు చేటలో పోసి నా ముందు పెట్టింది. పిల్ల గడప దగ్గర కూర్చుని గిన్నెలు గోనెలో సర్దుతోంది.

"అమ్మా, ఆ పొద్దు తప్పు పాపది కాదు. నాది. దూరం నేను తప్పు కొలిచినాను" అన్నాను.

తల్లి నవ్వింది. "మీరు లెక్కల సార్. మీరు తప్పు కొలిచేదేంది సార్? దాన్ని నేను తిడతానని మీరు మీద ఏసుకుంటాండారు. మీ మంచితనం."

రెండోసారి చెప్పాను, మూడోసారి సాళ్లు, అడుగులు, జానలు అన్నీ విప్పి చెప్పాను. ఆమె తల ఊపుతూ విన్నది, ఒక్క ముక్క నమ్మలేదు. పైగా నేను లేస్తుంటే చెనిక్కాయలు తువ్వాలులో మూట కట్టి చేతిలో పెట్టింది. పుచ్చుకున్నాను. పుచ్చుకోకపోతే ఇంకా బాధపడుతుందని పుచ్చుకున్నాను.

రోడ్డు దాకా పిల్ల వెంట వచ్చింది. బస్సు కోసం నిలబడి అడిగాను. "నువ్వన్నా నమ్మినావా పాపా?"

"నాకు ఆ పొద్దే తెలిసె సార్. మొదటి బాణానికే. దూరమెక్కువ ఉండాది అనిపిచ్చె."

"నేను వద్దన్నందుకు ఎత్తలేదా? కొడతానని భయపడినావా?"

లేదని తల అడ్డంగా ఊపింది.  ఇది కూడా సార్‌కు చెప్పాలా అన్నట్టు నా ముఖం చూసి చెప్పింది.

"ఎత్తేసింటే తగిలేది సార్. తగిలింటే అందరి ముందరా మీ లెక్క తప్పయిపోతాండె కదా. మీరు అంతమందిలో ఎనిమిది, ఎనిమిది అని అరుస్తాంటిరి."

బస్సు వచ్చింది. పిల్ల చెయ్యెత్తి ఆపింది, నేను ఎక్కేదాకా నిలబడి, వాళ్ళమ్మ పిలుస్తోందని ఇంటి వైపు పరిగెత్తింది. ముప్పై ఆరు బాణాలతో ఆ పిల్ల కాపాడిన పరువును వెంటబెట్టుకుని నేను కదిరికి టికెట్ తీసుకున్నాను.